మూడో బంతి

చరిత్ర పుస్తకంలో రెండు బంతులే ఉన్నాయి.

పందొమ్మిదివందల ముప్ఫై, జులై ముప్ఫై, మోంటెవీడియో.
మొట్టమొదటి ప్రపంచ కప్పు, ఆఖరి ఆట.
ఎవరి బంతితో ఆడాలన్నది తగవు.
పెద్దమనుషులు ఎటూ తెంచలేక
సగం ఆట మీ బంతి, సగం ఆట మా బంతి అని
అన్నదమ్ముల పొలంలా గట్టు వేసి పంచారు.
మా బంతితో ఆడినంతసేపూ మేం పైన, రెండూ ఒకటీ.
వాళ్ల బంతి దిగాక నాలుగూ రెండు.
కప్పు నది దాటి మా ఒడ్డుకి రాలేదు.

మూడో బంతి సంగతి మా ఇంట్లోనే తెలుసు.

మా తాత ఫెర్మీన్ బ్రగోని,
బ్యూనస్ ఐరిస్, బర్రాకాస్ పేటలో బూట్లు కుట్టేవాడు.
ఇరవై రెండేళ్లు. మీసం ఇంకా మాట వినని వయసు.
తగవొస్తుందని ముందే పసిగట్టాడట.
మిగిలిన తోలు ముక్కలు పన్నెండు ఏరి
మూడు రాత్రులు మైనపు దారంతో కుట్టి
కోటు లోపల పెట్టుకుని, నిండు చూలాలిలా,
స్టీమరెక్కాడు.

లా ప్లాతా నదికి అవతలి ఒడ్డు ఎప్పుడూ కనపడదు.
ఆ రోజు ఇవతలి ఒడ్డూ మానేసింది.
అంత పొగమంచు.
కెప్టెన్ ఇంజను ఆపి కూత వేస్తే
ఎక్కడో ఇంకో పడవ
తప్పిపోయిన ఆవులా బదులు పలికింది.

ఆట మొదలయ్యే వేళకి ఎవరో టోపీ తీశారు.
అందరూ తీశారు.
తర్వాత తాత కోటు విప్పాడు.

డెక్కు మీద, తాళ్లకుప్పల మధ్య,
ఒక మంగలి రిఫరీగా, చేపల వ్యాపారి గోలీగా,
ఎవరి కాలు ఎవరిదో తెలియని ఆట.
ఒక కుర్రాడు బలంకొద్దీ తన్నాడు.
బంతి కమ్మీ దాటింది.
చప్పుడు రాలేదు.
మంచు మింగిందో, నీళ్లు మింగాయో.

"మేం ఓడిపోలేదే" అనేవాడు తాత,
"మా ఆట ఇంకా అవలేదు."
ఆ తర్వాత ప్రతి కప్పుకీ
పేటంతా రేడియోకి చెవులప్పగిస్తే
తను రేవుకెళ్లి నదిని అడిగేవాడు:
స్కోరెంత?

డెబ్భై ఎనిమిదిలో కప్పు మా ఊరికే వచ్చింది.
నాకు పంతొమ్మిది.

మా మేడ మీద గదిలో నెలీదా ఉండేది, నూలు మిల్లులో పని.
ఏప్రిల్లో అడుగులు మార్చమని బూట్లిచ్చింది.
చీటీ నంబరు నలభై ఆరు.
శనివారం వస్తానంది.
శుక్రవారం రాత్రి నంబరు లేని కారు వచ్చింది.

జూన్లో ఫైనల్.
స్టేడియం నిండా కాగితం ముక్కలు,
గాల్లో తెలుపు, గడ్డి మీద తెలుపు.
మేం గెలిచాం. టీవీ ముందు గెంతాం.
నేనూ గెంతాను, దాచి లాభమేముంది.
తాత ఒక్కడే లేచి వెళ్లి
తెరని అరచేత్తో తుడిచాడు.
"మంచు" అన్నాడు. "మళ్లీ మంచే."

ఆ కేకలు, అక్కడికి దగ్గర్లోనే ఒక భవనంలో
కళ్లకి గంతలు కట్టినవాళ్లు విన్నారని తర్వాత తెలిసింది.
విమానాల సంగతి ఇంకా తర్వాత.
అవి ఏ నీళ్ల మీద తలుపులు తెరిచాయో
తెలిశాక
తాత నదిని మళ్లీ ఏమీ అడగలేదు.

మొన్నటి కప్పుకి, డిసెంబరు ఎండలో,
ఊరు ఊరంతా వీధిలోనే ఉంది.
మనవడు సిగ్నల్ స్తంభమెక్కి దిగనన్నాడు.
గొంతు పోయేదాకా అరిచాను.
ఆ సంతోషం అబద్ధం కాదు.

సాయంత్రం, బాకాల మోత తగ్గకుండానే
దుకాణం తలుపు సగం ఎత్తాను.
అరమీంచి బూట్లు దించి దుమ్ము దులిపి
పాలిష్ పట్టాను. లేసులు చివికాయి, కొత్తవి వేశాను.
చీటీ మళ్లీ కట్టబోతూ తిరగేస్తే
వెనక తాత చేతిరాత, పెన్సిలుతో:

కూలి తీసుకోవద్దు.
వచ్చిన రోజే ఇచ్చెయ్యాలి.